పాటు వేళలు

మంగళవారం నాలుగింటికి రండి అని
నేనెవరికీ మాటివ్వలేను.
మా దీవికి దారి రోజుకు రెండుసార్లు పుడుతుంది,
రెండుసార్లూ మునిగిపోతుంది.
రేవులో పొగాకు కొట్టువాడు అమ్మే
పసుపు అట్ట పుస్తకం, సముద్రం వేళల పుస్తకం,
అదే నాకు పంచాంగం.

కొత్త సంవత్సరం మొదటి పూట
పియానో మూత మీద దాన్ని పరిచి కూర్చుంటాను.
(ఈ పియానో కూడా ఒక పాటు వేళ
తడి ఇసుక మీద ట్రాక్టరెక్కి వచ్చిందే.)
ఒక పెన్సిలు, రెండు రబ్బర్లు.
నీరు తీసే గంటల చుట్టూ గీత గీసి
ఆ గీతల్లో పిల్లల్ని సర్దాలి.
ఇవాళ మూడింటికి తేలిన దారి
రేపు నాలుక్కి పది నిమిషాలుండగా తేలుతుంది.
వారం తిరిగేసరికి అదే మూడింటికి
అక్కడ నిలువెత్తు నీరు.
అందుకే నా దగ్గర పాఠం వారానికి కాదు, పక్షానికి.
పోటూ పాటూ రెండూ నీరసించిన రోజుల్లో
దారి అసలు లేవదు.
ఆ గడుల్లో విరామ చిహ్నం పెడతాను,
స్వరలిపిలో పెట్టినట్టే.

అవతలి ఒడ్డుకు ఇదేం పట్టదు.
మాయెల్ వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది:
"బుధవారం ఫుట్‌బాలు, శనివారం వాళ్ల నాన్న దగ్గర,
మీరే కాస్త అటూ ఇటూ జరపలేరా?"
జరుపుతానమ్మా,
నా భోజనం జరుపుతాను, నా నిద్ర జరుపుతాను,
చంద్రుణ్ణి జరపడమే చేతకాదు.
కాసేపు మౌనం. "అయితే వాయిదా వేద్దాం."
ముప్ఫై ఏళ్లలో
వాయిద్యం కన్నా వాయిదాలే ఎక్కువ నేర్పానేమో.

ముందురోజు చెప్పకుండా మానితే సగం ఫీజు
అని తలుపు వెనక కాగితం అంటించాను.
ఉప్పుగాలికి అక్షరాలు వెలిసిపోయాయి,
ఒక్క సెంటు వసూలైంది లేదు.
జ్వరం, పళ్ల డాక్టరు, అమ్మమ్మ పుట్టినరోజు.
కారు తాళం దొరకలేదని ఒకడు,
వాడికి వాయించేటప్పుడూ దొరకదు తాళం.
చెప్పాపెట్టకుండా ఎన్నడూ మాననిది
సముద్రం ఒక్కటే.
ఏడాది ముందే అచ్చేయించి మరీ వస్తుంది.

ఎర్వే సంగతి వేరు.
అతనికి ఆల్చిప్పల సాగు.
నీరు తీస్తేనే అతనికి పని,
నడుం వంచి, ఇనుప బల్లల మీద సంచులు తిప్పుతూ.
అందరూ నడిచొచ్చే వేళకి అతను రాలేడు.
యాభై ఎనిమిదేళ్ల మనిషి
పోటు మీద పడవేసుకుని వస్తాడు,
చిటికెన వేలికి కట్టు, ఒంటినిండా నాచు వాసన.
ఒకే ఒక్క వాల్ట్జ్ నేర్చుకోవాలట.
ఎందుకో చెప్పలేదు, నేనడగలేదు.
చుట్టూ నిండు సముద్రం,
గుమ్మంలో తర్వాతి పిల్లాడు బూట్లు విప్పడు,
గంట గంటన్నరవుతుంది.
వెళ్తూ వెళ్తూ మెట్టు మీద డజను చిప్పలు పెడతాడు.
పట్టికలో అతనికి గడి లేదు.
అంచున రాస్తాను, పెన్నుతో.

మొన్న అక్టోబరులో నొల్వెన్, పదకొండేళ్లది,
ఆ రోజుకి ఆఖరి పాఠం.
ఒక మలుపు దగ్గర ఎడమచెయ్యి తడబడుతోంది.
"ఇంకొక్కసారి" అన్నది నేనే.
తలెత్తేసరికి
దారి నడుమ సన్నటి వెండి పోగు.
ఇక ఎనిమిది గంటలు.
అవతలి ఒడ్డున వాళ్ల నాన్న
కారు దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు,
కోపమో, సరేననో.
ఆ పిల్ల సూపు తాగింది, నా స్వెట్టరు తొడుక్కుంది,
పియానో కింద పడుకుని నన్ను వాయించమంది.
"పై నుంచి కాదు, చెక్క లోపల వాన పడుతోంది" అంది.
రాత్రి ఒకటిన్నర దాటాక
టార్చి పట్టుకుని దింపి వచ్చాను.
ఫీజు రాయలేదు. ఏ గంటకని రాయను?

ఈ పక్షం మళ్లీ వచ్చింది.
బూట్లు విప్పుతూ అడిగింది:
"ఇవాళ ఎన్నింటికి మూసుకుంటుంది?"
"అయిదూ ఇరవైకి."
"ఆఖరి పాఠం నాదేగా?"
స్వరాల పుస్తకం తీస్తుంటే
సంచిలోంచి పళ్ల బ్రష్షు జారి
నేల మీద పడింది.
నేను కిటికీ వైపు తిరిగి
ముందు స్కేల్సు వాయించు అన్నాను.